ఏ షిఫ్టు?

టేకల్,
20 నవంబరు 2023

తాతకు పవిత్ర నమస్కారాలు.

మొన్న ఫోన్ చేస్తే మునిశంకర్ మామ ఎత్తి, దాన్ని మీ చెవికి ఆనించి, "గట్టిగా అరువు పవీ, తాత వింటాడు" అన్నాడు. గొంతు పోయేలా అరిచాను. మీరు "అట్లనా, సంతోషం" అన్నారు. నేను చెప్పింది మా ఎర్రావు చచ్చిపోయిందని. అందుకే మళ్ళీ ఉత్తరాలకు దిగుతున్నాను. కన్నడ బడిలో చదివిన నాకు సెలవుల్లో పలక మీద తెలుగు దిద్దించింది మీరే కాబట్టి తప్పులుంటే మిమ్మల్నే తిట్టుకోండి.

క్రితం నెల అమ్మ మిమ్మల్ని కోలారు తీసుకుపోయి ఛాతీకి ఎక్స్‌రే తీయించింది కదా, ఆ రిపోర్టు వచ్చింది. బంగారు గనిలో మింగిన దుమ్ము ఎంత ఉందో అంతే ఉందట, పెరగలేదట. మాత్రలు మాత్రం మానకూడదన్నారు. వేసుకుంటున్నారా? పడుకున్నప్పుడు దగ్గు తగ్గిందా?

ఇప్పుడు నా పని. మాలూరు దగ్గర ఒక కంపెనీలో రిసెప్షన్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంది. ఇంగ్లీషులో అడిగి విషయం రాబట్టడం తెలిసుండాలట. నాకు "వాట్", "వేర్" తప్ప ఏమీ రావు. మీరు గని ఆఫీసులో ఎంక్వయిరీ కిటికీ వెనక కూర్చున్నవారు. పెద్దవాళ్ళకు కోపం రాకుండా అడగడానికి ఏమేం మాటలున్నాయో రాసి పంపండి. "రిపోర్టు ఎప్పుడొస్తుంది", "ఇంకోసారి చూసి చెబుతారా", "ఎంతవరకు పాకింది" ఇలాంటివి. తొందరగా కావాలి.

అమ్మ రెండు ఆదివారాలు రాలేదని అలిగారా? పట్టుపురుగులు నాలుగోసారి పొర విడిచే జ్వరం దాటి రాత్రీ పగలూ ఆకు మేస్తున్నాయి. అమ్మకు తీరిక లేదు.

మీ మనవరాలు
పవిత్ర


కోరమండల్,
27 నవంబరు 2023

చిరంజీవి పవిత్రకు తాత ఆశీస్సులు.

చచ్చిన ఆవుకు సంతోషం చెప్పిన ముసలివాణ్ణి ఏమీ అనుకోవద్దని మీ నాన్నతో చెప్పు. పాలిచ్చే ఆవు పోతే ఇల్లు ఎలా ఉంటుందో నాకు తెలుసు.

భూమి కింద ఏళ్ళ తరబడి రాతికి మిషిను పెట్టి తొలిచినందుకు నాకు మిగిలినవి ఈ చెవులు. చెవులు పోయాక, ఇక కిందికి పనికిరాడని పైన ఉద్యోగం ఇచ్చారు. ఎక్కడో తెలుసా, ఎంక్వయిరీ కిటికీలో! చెవిటివాడిని అడగడానికి జనం వరుస కట్టేవారు. పెదవులు చూసి కనిపెట్టి చెప్పేవాణ్ణి. గని మూతపడేదాకా ఒక్కరూ నా మీద ఫిర్యాదు చేయలేదు. చేసినా నాకు వినపడి ఉండదు.

సరే, నీ పాఠం. "మే ఐ నో" అంటే నేను తెలుసుకోవచ్చా అని. దీనికెవరూ కోప్పడరు, అలాగని జవాబూ చెప్పరు. "కుడ్ యూ ప్లీజ్ టెల్ మీ" కొంచెం నయం. "ఐ వాంట్ టు ఫైండ్ అవుట్" అన్నావంటే, తెలిసేదాకా ఇక్కణ్ణుంచి కదలను అని కుర్చీ లాక్కుని కూర్చున్నట్టు. "ఎంక్వయిర్" కిటికీ బయట నిలబడ్డవాళ్ళ మాట. "ఇన్వెస్టిగేట్" లోపలున్న ఆఫీసర్ల మాట, అది మొదలైందంటే కీడు అప్పటికే జరిగిపోయిందని అర్థం. ఎవరైనా నవ్వు ముఖంతో "వీ విల్ లుక్ ఇంటు ఇట్" అంటే మాత్రం చెప్పులు వేసుకుని ఇంటికి వచ్చెయ్యి. ఆ మాట చెప్పి పంపిన తరువాత ఫైలు తెరిచిన దొరను నేను చూడలేదు.

అన్నట్టు, రిసెప్షన్‌లో కూర్చునే పిల్ల "ఎంతవరకు పాకింది" అని ఎవర్ని అడుగుతుంది? గుమ్మడి తీగలు అమ్మే కంపెనీయా అది?

నా ఎక్స్‌రే ఫిల్ము బాగుందని రాశావు. సంతోషం. ఆవుకు చెప్పిన సంతోషం కాదు, నిజమైనదే. మీ అమ్మ ప్రేమను ఒకసారి రమ్మను. పురుగులకు మీ నాన్న ఆకు వెయ్యలేడా?

తాత
శ్రీరామప్ప


టేకల్,
6 డిసెంబరు 2023

తాతకు నమస్కారాలు.

అద్దం ముందు నిలబడి "మే ఐ నో, మే ఐ నో" అంటుంటే నాన్న ఎవరితోనో మాట్లాడుతున్నానని తొంగి చూశాడు. ఇంటర్వ్యూ కొంచెం వెనక్కి జరిగింది. అక్కడ ఏదో ఒక సందర్భం చెప్పి మాట్లాడమంటారట. ఉదాహరణకు ఆసుపత్రి అనుకోమంటారు. రోగి పక్కనే కూర్చుని ఉంటుంది. ఆమెకు అర్థం కాకుండా "ఇంకా ఎంత కాలం ఉంది" అని డాక్టరును అడగాలంటే ఎలా? ఆయన నసుగుతుంటే నిజం ఎలా చెప్పించాలి? ఇవి కాస్త వివరంగా రాయండి.

తమ్ముడు మంజు చేత అమ్మ రాగిపిండి పంపింది. "నాయనకి ముద్ద మెత్తగా చేసి పెట్టమని మునిశంకర్‌కి చెప్పు, గట్టిగా చేస్తే మింగలేడు" అంది. మామ తెల్లవారుజామున బెంగళూరు రైలు పట్టుకుంటే మీకు ముద్ద ఎవరు కెలికి పెడతారు? పక్కింటి మారమ్మ అవ్వేనా? గని వదిలిన సైనైడ్ మట్టి దిబ్బల మీద గాలి లేస్తోందా? లేస్తే కిటికీలు మూసుకుని కూర్చోండి. అమ్మ వచ్చే వారం తప్పకుండా వస్తుంది.

పవిత్ర


కోరమండల్,
18 డిసెంబరు 2023

పవిత్రకు ఆశీస్సులు.

వచ్చే వారం వచ్చి పోయింది, మీ అమ్మ రాలేదు. మారమ్మ ముద్ద కెలకడం బాగానే నేర్చింది, ఉప్పు వెయ్యడం ఇంకా నేర్వలేదు.

నీ ప్రశ్నకు జవాబు. ఎదుటివాడు మంచివాడైతే "వాట్ షుడ్ వీ ఎక్స్‌పెక్ట్, డాక్టర్" అను. మేం దేనికి సిద్ధపడాలి అని దాని భావం. గొంతు తగ్గించి, కళ్ళలోకి చూస్తూ అడుగు. మంచివాడు ఆ ప్రశ్నకు అబద్ధం చెప్పలేడు.

ఇంగ్లీషువాళ్ళకు అడగడానికి ఇన్ని మాటలు. మా గని కూలీల లైన్ ఇళ్ళలో ఒకటే ఉండేది. "ఏ షిఫ్టు?" తిన్నావా, బాగున్నావా అన్నీ అందులోనే. మొగవాళ్ళను "ఏ షిఫ్టు?" అనీ, ఆడవాళ్ళను "మీ ఆయనది ఏ షిఫ్టు?" అనీ పలకరించేవాళ్ళం. కింద ఎక్కడైనా రాయి పగిలి మనిషి పోతే ఆఫీసు నుంచి కబురు రావడానికి పూట పట్టేది. పైకొచ్చిన పనివాళ్ళకు పేరు తెలుసు. కానీ చెప్పకూడదు, అది ఆచారం. చెప్పరు సరికదా, ఆ ఇంటివాళ్ళను ఏదీ అడగరు కూడా. పోయినవాడిది ఏ షిఫ్టని ఏ నోటితో అడుగుతారు?

మా నాయన పోయిన రోజు మా అమ్మ కుళాయి దగ్గరికి బిందె తీసుకుని వెళ్ళింది. నేనూ కొంగు పట్టుకుని వెళ్ళాను. అందరూ మాట్లాడారు. "నీళ్ళు సన్నంగా వస్తుండాయి." "ఎండ బాగుండాది." "నువ్వు ముందు పట్టుకో గంగమ్మా." ఒక్కరు కూడా ఏమీ అడగలేదు. అమ్మ బిందె సగం నిండకుండానే వదిలేసి, మెడలో పసుపుతాడు పట్టుకుని ఆఫీసుకేసి పరుగు తీసింది. కబురు తరువాత ఎప్పుడో వచ్చింది.

పాత సంగతులు తవ్వడం ముసలివాళ్ళ జబ్బు. ఆ కంపెనీ, ఇంటర్వ్యూ అని నాకెందుకు చెబుతావు? నా ఫిల్ము ఇంకో పెద్ద డాక్టరుకు చూపిస్తున్నారు, అంతేనా? నిజం రాయి.

తాత


టేకల్,
3 జనవరి 2024

తాతకు నమస్కారాలు.

బెంగళూరు వెళ్ళి వచ్చాం. మీరు నేర్పిన మాటలన్నీ పనికొచ్చాయి. మీ ఫిల్ము బాగానే ఉంది, దిగులు పెట్టుకోకండి.

పట్టుగూళ్ళు మార్కెట్‌కు వెళ్ళాయి. చలి ఎక్కువగా ఉంది. మామిడి తోటలో పూత మొదలైంది. అమ్మ పడుకుంది. మంజు కోలారు వైపు వచ్చినప్పుడు రాగిపిండి తెస్తాడు.

ఇంతే.

పవిత్ర


కోరమండల్,
25 జనవరి 2024

చిరంజీవి పవిత్రకు తాత ఆశీస్సులు.

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. కాగితం వెనక్కి తిప్పి కూడా చూశాను. నా దగ్గు గురించి అడగలేదు. మాత్రల గురించి అడగలేదు. దుమ్ము, ముద్ద, మామ, ఏదీ లేదు. చలిగా ఉంది, పూత వచ్చింది అని రాశావు. అర్థమైంది తల్లీ. తెలిసి రాశావో తెలియక రాశావో, లైన్లలో పుట్టిన ప్రేమ కూతురివి.

ఇక దాచే శ్రమ పడకండి. నాకు భయం లేదు. పైగా తేలికగా ఉంది. మా నాయన ఉన్నపళంగా పోయాడు, నాకు సర్దుకోవడానికి వేళ దొరికింది. గని హెల్మెట్ మునిశంకర్‌కు ఇచ్చేశాను. వాడు దాన్ని పట్టుకుని ఏడవడం మొదలుపెడితే తిట్టి పంపాను. మాత్రలు మానేశాను, వాటిని మింగినప్పుడల్లా కడుపులో మంట. మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని దిబ్బలు చూస్తుంటే ఇంతకాలం దేనికి గాబరా పడ్డానా అనిపిస్తోంది. పెద్దవాడిని నేను ముందు పోతాను, పిల్లలు మీరు ఎంతో కాలం తరువాత వస్తారు. ఇంతకంటే ఏం కావాలి?

ఒక్కటే మనసుకు కష్టంగా ఉంది. ప్రేమ నా ముఖం చూడడానికి ఎందుకు రాదు? చిన్నప్పుడు నేను షిఫ్టు నుంచి వచ్చేదాకా అన్నం ముట్టేది కాదు. ఇప్పుడు పురుగులంటారు, చలి అంటారు. చచ్చేవాణ్ణి చూడడానికి భయపడే కూతురు ఉంటేనేం, లేకపోతేనేం. ఇక రానక్కరలేదని చెప్పు.

తాత


టేకల్,
30 జనవరి 2024

తాతా,

మీ ఉత్తరం అమ్మ చూసింది. దస్తూరి గుర్తుపట్టి నా చేతిలోంచి లాక్కుంది. చివరి మాట రెండుసార్లు చదివి నవ్వింది. "నాయనకి నా మీద ఇంత కోపం వచ్చి ఎన్నేండ్లయిందో" అంది. తరువాత, "ఇంగ చెప్పెయ్యి పవీ. ఆయప్ప మాత్రలు మానేసినాడంట. నాకన్నా ముందు పోయేటట్టు ఉండాడు" అంది.

మీ ఫిల్ము బాగుంది. మొదటి నుంచీ బాగానే ఉంది. బాగా లేనిది అమ్మకు.

మిమ్మల్ని ఎక్స్‌రేకు తీసుకుపోయిన రోజే అమ్మ తన కడుపునొప్పి కూడా చూపించుకుంది. మీరు బెంచీ మీద కూర్చుని బన్ను తింటున్నారు. లోపల గడ్డ ఉందన్నారు. "నాయనకి మాత్రం చెప్పొద్దు" అని అమ్మ నాతో ఒట్టు వేయించుకుంది. ఉద్యోగం లేదు, ఇంటర్వ్యూ లేదు. బెంగళూరు డాక్టరుకు కన్నడ రాదు, తెలుగు రాదు. అందుకే మిమ్మల్ని ఇంగ్లీషు అడిగాను. అమ్మ పక్కనే కూర్చుంది. నేను గొంతు తగ్గించి, కళ్ళలోకి చూస్తూ, "వాట్ షుడ్ వీ ఎక్స్‌పెక్ట్" అన్నాను. ఆయన మంచివాడే తాతా. కోత వేసినా లాభం లేదని, కొద్ది నెలలని నిదానంగా చెప్పాడు. అంత బాగా అడగడం ఎందుకు నేర్పారు? నాకు సరిగ్గా అడగడం రాకపోయి ఉంటే ఆయన సరిగ్గా చెప్పేవాడు కాదు. ఆ మాట చెవిన పడకుండా ఇంటికి వచ్చేదాన్ని. బస్సులో అమ్మ నా ముఖం చూసి ఏమీ అడగలేదు.

నా ఉత్తరంలో ప్రశ్నలు లేవన్నారు. మీ లైన్ల ఆచారం నాకు ఆ రోజు గుర్తు కూడా లేదు. ఎవర్ని ఏది అడిగినా జవాబు వచ్చేస్తుందని భయం వేసింది, అంతే. మీరు దాన్ని మీకు అన్వయించుకుని, మాత్రలు మాని, హెల్మెట్ పంచిపెట్టి, అమ్మను రావద్దన్నారు. ఆమె మంచం దిగి పొయ్యి దాకా నడవలేకపోతోంది. కోరమండల్‌కు ఎలా వస్తుంది తాతా?

పవిత్ర


కోరమండల్,
5 ఫిబ్రవరి 2024

పవిత్రా,

మాత్రలు వేసుకున్నాను.

పెదవులు చదివేవాణ్ణని గొప్పలు పోయాను. నీ కాగితంలో నన్ను తప్ప ఇంకెవరినీ చదవలేకపోయాను. "అమ్మ పడుకుంది" అని నువ్వు రాసే ఉన్నావు. పగటిపూట ప్రేమ ఎన్నడైనా పడుకుందా? ఆ మాట మీదుగా దాటిపోయాను.

ఇన్ని రోజులు నేను సంతోషంగా ఉన్నాను. అరుగు మీద కూర్చుని, నేను ముందు పోతాను అని పండగ చేసుకున్నాను. నాది అనుకున్న చావు నా బిడ్డదైంది. ఆ ఫిల్ములు మార్చి చూశారేమోనని, వాళ్ళ చేతిలో కవర్లు తారుమారు అయ్యాయేమోనని పొద్దున్నించీ ఆలోచిస్తున్నాను. "వుడ్ యూ కైండ్లీ చెక్ అగైన్" అని అడగొచ్చు. అడగొద్దులే. ఆయన చెప్పింది చాలు.

మునిశంకర్ సెలవు పెట్టాడు. ఆదివారం వస్తాం, బంగారుపేటలో రైలు మారి టేకల్‌లో దిగుతాం. నేను రావద్దన్న మాటను కొట్టేయమని మీ అమ్మతో చెప్పు. కాదు, చెప్పకు, నేనే కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పుకుంటాను.

నీకు ఒకటే పని. ఆ ఇంగ్లీషు మాటలన్నీ ఇక మర్చిపో. అమ్మను అడగడం మాత్రం ఎవరూ మానొద్దు, నువ్వూ, మీ నాన్నా, మంజూ, వచ్చేపోయేవాళ్ళూ. కుళాయి దగ్గర మా అమ్మను అందరూ కలిసి ఒక్క పూటలో విధవను చేశారు, ఏమీ అడగకుండానే. ప్రేమకు అలా జరగకూడదు. చారులో ఉప్పు సరిపోయిందా అని అడుగు. ఏ చీర కడతావని అడుగు. ఆకు ఎవరు కోశారో, కోడి ఎక్కడ గుడ్డు పెట్టిందో అడుగు. విసుక్కోనీ. విసుక్కునేవాళ్ళు ఉన్నట్టే కదా.

నాకు రాసే ప్రతి ఉత్తరంలోనూ ఒక ప్రశ్న పెట్టు. ఎంత పిచ్చిదైనా సరే. అది కనబడినంత కాలం నా బిడ్డ ఉందని ధైర్యంగా ఉంటాను.

తాత


టేకల్,
12 మార్చి 2024

తాతకు పవిత్ర నమస్కారాలు.

మొన్న ఆదివారం మీరు రైలెక్కాక అమ్మ చాలాసేపు మెలకువగా ఉంది. మీరు మంచం పక్కన కూర్చుని "ఏ షిఫ్టు ప్రేమా?" అని అడిగారు కదా, "రాత్రి షిఫ్టు నాయనా, ఇంగా టైముండాది" అంది కదా, దాన్నే తలుచుకుని నవ్వుకుంది. నొప్పి వచ్చినా నవ్వు ఆపుకోలేదు. మీరు తెచ్చిన సీతాఫలం కొమ్మను కిటికీలో కట్టించుకుంది. లైన్ ఇంటి వెనక చెట్టుదేనని వచ్చినవాళ్ళందరికీ చూపిస్తోంది.

మీరు చెప్పినట్టే అడుగుతున్నాను. నిన్న ఉప్పు గురించి అడిగితే, "ఏందే, పోలీసోళ్ళ మాదిరి పొద్దస్తమానం అడుగుతానే ఉండావు" అని కసిరింది. మంజు అయితే మరీను, బడి లెక్కలు తీసుకొచ్చి అడుగుతున్నాడు. తప్పు చెప్పి ఇద్దరూ కొట్లాడుకుంటున్నారు. ఏ చీర కడతావమ్మా అంటే, "పెండ్లికి నాయన పెట్టిన పచ్చ చీర ఉండాది చూడు, అది. ఇప్పుడు కాదులే, పెట్టెలోనే ఉండనీ" అంది. నేను బయటికి వచ్చి ఏడ్చి మళ్ళీ లోపలికి వెళ్ళాను. లోపలికి వెళ్ళగానే ఏం అడగాలో తోచక, ఆ చీర ఎక్కడ కొన్నారని అడిగాను. కోలారులో ఏ అంగడో, బేరం ఎలా ఆడారో అంతా చెప్పింది.

ఈ ఉత్తరానికి ప్రశ్న అమ్మే ఇచ్చింది. ఆ సీతాఫలం చెట్టు మీద చిన్నప్పుడు మేకుతో తన పేరు చెక్కిందట. మీరు తిట్టారట కూడా. ఆ పేరు ఇంకా కనబడుతోందా తాతా?

పవిత్ర


కోరమండల్,
18 మార్చి 2024

పవిత్రకు ఆశీస్సులు.

ప్రేమతో చెప్పు. పేరు ఉంది. బెరడు లావై అక్షరాలు సాగిపోయాయి, వేలితో తడిమితే తెలుస్తుంది. మునిశంకర్ చూసి ఏమీ లేదంటాడు, వాడి మాట వినొద్దు. నేను తిట్టింది పేరు చెక్కినందుకు కాదు, మేకు నా పెట్టెలోంచి తీసినందుకు. మరి ఆ మేకు ఎక్కడ పారేసిందో అడుగు. ఇన్నేళ్ళుగా దొరకలేదు.

ఆదివారం వస్తాను.

తాత


టేకల్,
22 ఏప్రిల్ 2024, సోమవారం పొద్దున

తాతకు,

ఈ చీటీ మంజు చేత పంపుతున్నాను. కారు మీ వీధి చివర ఆగి ఉంటుంది, లోపలికి రాదు. మంజును ఏమీ అడగకండి.

మునిశంకర్ మామకు ఫోన్ చేశాను. రైలు దిగి నేరుగా ఇక్కడికే వస్తాడు. ఎండ ఎక్కకముందే బయలుదేరండి. మాత్రలు జేబులో పెట్టుకోండి. దారిలో నీళ్ళు తాగండి.

తోటలో మామిడికాయలు దిగుతున్నాయి. ఇంటి నిండా మనుషులున్నారు.

అమ్మకు పచ్చ చీర కట్టాం.

పవిత్ర